గుప్పెడు సేన మీద విచారణ

ప్రజా సరిహద్దురాళ్ళ శాఖలో పనిచేసే భార్యాభర్తలకు ఒకే ఊళ్ళో పోస్టింగు ఇవ్వవచ్చని ఎప్పటినుంచో ఒక రూలుంది. ఇవ్వవచ్చని ఉంది కాబట్టి ఇవ్వకపోవచ్చు కూడా. అందుకే హైమవతి ఇచ్ఛాపురంలోనూ, ఆమె భర్త చక్రధర్ కుప్పంలోనూ ఉద్యోగాలు చేస్తున్నారు. రాష్ట్రానికి ఆ కొసన ఒకరు, ఈ కొసన ఒకరు. మ్యాపు గాలికి ఎగిరిపోకుండా చెరోవైపు మేకు కొట్టినట్టున్నారని హైమవతి తండ్రి వచ్చినవాళ్ళందరితో చెప్పుకుని నవ్వేవాడు.

ప్రతి రెండో శనివారం ఆమె అటునుంచి, అతను ఇటునుంచి రైలెక్కి బెజవాడ స్టేషన్లో దిగేవారు. వెయిటింగు హాల్లో ఇడ్లీ తిని, ఒకరి ఆరోగ్యం ఒకరు కనుక్కుని, సాయంత్రం ఎవరి రైలు వారు ఎక్కేవారు. పెళ్ళయి ఏడాదిన్నర దాటినా సంసారం అంతే. హైమవతికి భర్త మీద కోపమేమీ లేదు. కోపం తెచ్చుకునేంత పరిచయమే ఇంకా కాలేదు. అదే ఆమె దిగులు.

ఇలా ఉండగా శాఖకు ఒక అనుమానం వచ్చింది. కొందరు ఉద్యోగులు పోస్టింగు కోసం పెళ్ళి చేసుకుని, పోస్టింగు రాగానే ఆ పెళ్ళి సంగతి మరిచిపోతున్నారట. ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకున్నట్టు, అందరి నెత్తినా ఒక సర్క్యులర్ పడింది. దాని పేరు దాంపత్య అన్యోన్యతా నిర్ధారణ మార్గదర్శకాలు. పెళ్ళి సర్టిఫికెట్టు పెళ్ళి జరిగిందని మాత్రమే రుజువు చేస్తుంది గాని అన్యోన్యతను రుజువు చేయదు కనుక, ఇకమీదట బదిలీ దరఖాస్తులో పదకొండో కాలమ్ తప్పనిసరిగా నింపాలి. పదకొండో కాలమ్ ఏమిటంటే, 'దంపతుల ఉమ్మడి అభిరుచి, కమిటీ ఎదుట ప్రదర్శించదగినది'.

అప్పటికే రెండు జంటలు కమిటీ ఎదుట ప్రదర్శించి వచ్చాయి. మొదటి జంట యుగళగీతం పాడింది. ఇద్దరి శ్రుతీ కలవలేదని తిరస్కరించారు. రెండో జంట పక్కపక్కన కూర్చుని మల్లెపూల దండ కట్టింది. పావుగంటసేపు ఇద్దరూ ఒక్క మాట మాట్లాడుకోలేదు కాబట్టి అన్యోన్యతను మినిట్సులో రాసుకోవడానికి వీలుపడలేదని వాళ్ళనీ తిరస్కరించారు.

"మీకు పాటలంటే ఇష్టమేనా?" అంది హైమవతి, వెయిటింగు హాలు బల్ల మీద దరఖాస్తు పరుచుకుని.

"వింటాను. నేను పాడితే మాత్రం పక్కవాళ్ళు లేచెళ్ళిపోతారు," అన్నాడు చక్రధర్.

"వంట?"

"తింటాను. కారం మాత్రం పడదు. మరి నీకు క్రికెట్టూ..."

"అయిదు రోజులు ఆడి, చివరికి ఎవరూ గెలవలేదని చేతులు కలుపుకుని వెళ్ళిపోవడమేంటండీ? నాకు ఒళ్ళు మండుద్ది."

"పోనీ ఇద్దరికీ కాఫీ ఇష్టమే కదా. అది రాసేద్దాం."

"అది అలవాటండీ. అభిరుచి కాదు," అని హైమవతి పెన్ను మూత పెట్టేసింది.

గుర్తింపు కార్డు జిరాక్సు తీద్దామని చక్రధర్ సంచీలో చెయ్యి పెట్టాడు. కాగితాలతోబాటు ఒక సబ్బుపెట్టె జారి కిందపడి, మూత ఊడింది. అందులోంచి దూది, ఆ దూదిలోంచి నాలుగు ఏనుగులు దొర్లాయి. ఒక్కొక్కటీ బొటనవేలి గోరంత. వాటి మీద అంబారీలు, అంబారీల్లో మావటివాళ్ళు, మావటివాళ్ళకు మీసాలు. బెల్లం దొంగిలిస్తూ దొరికిన పిల్లాడిలా చక్రధర్ మొహం ఎర్రబడింది.

"మా మేనల్లుడికి కొన్నాను," అన్నాడు.

"మేనల్లుడికైతే దూదిలో పెట్టరు." హైమవతి ఒక ఏనుగును రెండు వేళ్ళతో పైకెత్తి వెలుతురుకేసి తిప్పింది. "ముందు తెల్ల పూత వెయ్యకుండా ఎరుపు వేసేశారు. అందుకే అంబారీ ఇటుక రంగులోకి దిగిపోయింది. మీసాలు మాత్రం బాగా తీశారు. ఏ బ్రష్షు?"

హైమవతి తన సంచీలోంచి పోపులడబ్బా తీసి మూత తిప్పింది. ఆవాల గిన్నెలో విలుకాళ్ళు, జీలకర్ర గిన్నెలో గుర్రాలు, మెంతుల గిన్నెలో ఫిరంగులు, మధ్య గిన్నెలో ఒక్కడే సేనాపతి, నీలం తలపాగాతో.

ఆ ఆట పేరు గుప్పెడు సేన. బల్ల మీద కోట, ఏరు, గుట్టలు పేర్చుకుని, చెరో నలభై బొమ్మలతో యుద్ధం చేయాలి. పాచిక వేసి, పడినన్ని అంగుళాలు బద్దతో కొలిచి బొమ్మను జరపాలి. ఫిరంగి గుండు కూడా పాచిక పడినన్ని అంగుళాలే పోతుంది. ఎదుటివాడి సేనాపతి పడిపోతే గెలిచినట్టు. బొమ్మలు రంగుల్లేకుండా వస్తాయి. కళ్ళు చికిలించుకుని వాటికి రంగులు వేసుకోవడమే సగం ఆట. ముప్పై దాటినవాళ్ళు బొమ్మలతో ఆడుకుంటున్నారంటే లోకం నవ్వుతుందని ఇద్దరూ ఒకరి దగ్గర ఒకరు దాచారు.

"ఇచ్ఛాపురంలో ఎవరితో ఆడతావ్?" అన్నాడు చక్రధర్.

"నాతో నేనే. కుడిచేత్తో ఒక సేన, ఎడమచేత్తో ఒక సేన. ఎడమచెయ్యి ఎప్పుడూ ఓడిపోద్ది, వెధవది."

ఆ మధ్యాహ్నం ఆమె బొమ్మలు చెరిసగం పంచుకుని, ఒక ఏనుగును అతని సేనాపతిగా నిలబెట్టి, వెయిటింగు హాలు బల్ల మీద యుద్ధం చేశారు. కుప్పం వైపు రైలు వెళ్ళిపోయింది. ఇచ్ఛాపురం వైపు రైలు కూడా వెళ్ళిపోయింది. హైమవతి గెలిచింది. ఆమెకు ఓడిపోవడం చేతకాదు. చిన్నప్పుడు గవ్వలాటలో ఓడిపోయి రెండు రోజులు అన్నం మానేసిన మనిషి. "ఇంకొక్క ఆట," అన్నాడు చక్రధర్, మొహం వెలిగిపోతూ. పెళ్ళిపందిట్లో కూడా అతని మొహం అలా వెలగలేదు. ఈ మనిషి నాకు కావాలి, రోజూ కావాలి అని హైమవతికి మొదటిసారి అనిపించింది. పదకొండో కాలమ్‌లో పెద్ద అక్షరాలతో గుప్పెడు సేన అని రాసింది.

కమిటీకి అధ్యక్షుడు జాయింట్ డైరెక్టర్ పరాంకుశం. ఆయన జీవితంలో ఏ కాగితాన్నీ ఒక్కసారి చదివి సంతకం పెట్టినవాడు కాదు. సభ్య కార్యదర్శి సూపరింటెండెంట్ మంగతాయారు. ఆవిడ ఏ కాగితాన్నీ ఆయన దగ్గరికి ఊరికే పంపినావిడ కాదు. వాళ్ళిద్దరి ఎదుట హెడ్డాఫీసు మీటింగు హాల్లో హైమవతి, చక్రధర్ బల్ల మీద యుద్ధం మొదలుపెట్టారు. మూడో ఎత్తులో హైమవతి ఫిరంగి చక్రధర్ ఏనుగును పడగొట్టింది.

"ఆపండి," అన్నాడు పరాంకుశం. "ఇప్పుడేం జరిగింది?"

"ఆయన ఏనుగు పోయిందండీ," అంది హైమవతి సంతోషంగా.

"అనగా భార్య, భర్తకు చెందిన ఏనుగును కమిటీ సమక్షంలో హతమార్చడమైనది. ఇది అన్యోన్యత కిందికి వస్తుందా, గృహకలహం కిందికి వస్తుందా?"

"ఆటేనండీ," అన్నాడు చక్రధర్.

"ఆట అని మీరంటున్నారు. ఫైలు ఏమంటుందో చూడాలి," అని పరాంకుశం మంగతాయారు వైపు తిరిగాడు. మంగతాయారు ఒక రోజంతా ఆలోచించి ఉత్తర్వులు రాసింది. సదరు క్రీడ సహజంగా ముగిసేవరకు కమిటీ పర్యవేక్షణలో జరగవలెను. ప్రతి ఎత్తూ ఆడేవారు లిఖితపూర్వకంగా ప్రతిపాదించి, అనుమతి పొందిన పిమ్మట మాత్రమే బొమ్మను జరపవలెను. ఆట ముగిసేవరకు ఉభయులూ హెడ్డాఫీసులో అదర్ డ్యూటీ మీద అందుబాటులో ఉండవలెను.

ఉండడానికి ఖాళీగా ఉన్నది ఒకే ఒక్క క్వార్టరు. "దంపతులని ఇంకా నిర్ధారణ కాలేదు కదా సార్, ఇద్దరికీ కలిపి ఎలా ఇస్తాం?" అంది మంగతాయారు.

"దంపతులు కారని కూడా నిర్ధారణ కాలేదు కదమ్మా," అన్నాడు పరాంకుశం. ఆయన సర్వీసులో ఎవరికైనా మేలు చేసిన వాక్యం అదొక్కటే. తెలిసి చేయలేదు.

అలా హైమవతికి సంసారం దొరికింది. చక్రధర్ తెల్లారకుండానే లేస్తాడని, స్నానాల గదిలో తప్పు రాగంలో సుప్రభాతం చదువుతాడని, ఉల్లిపాయలు కోస్తూ తనే ఏడుస్తాడని ఆమెకు అప్పుడే తెలిసింది. అతని మీద కోపం తెచ్చుకునేంత పరిచయం అయింది. రెండుసార్లు తెచ్చుకుంది కూడా. ఆమె చాలా సంతోషంగా ఉంది.

ఇక ఆట. అది ఆట అని ఆ తర్వాత ఎవరూ అనలేదు, 'విషయం' అన్నారు. చక్రధర్ గుర్రం ఏరు దాటాలంటే నీటిపారుదల వారి అభ్యంతరం లేదని పత్రం కావాలన్నారు. ఏరు నీలం రంగు వేసిన అట్టముక్క. నీటిపారుదల వారు వచ్చి చూసి, వర్షాకాలం వెళ్ళేవరకు ఆగమన్నారు. మిగిలిన ఏనుగులు పెంపుడువా, అడవివా అని అటవీశాఖకు రాశారు. వాళ్ళు పెంపుడువేనని ఒప్పుకుంటూ, ఒక్కొక్కదానికి నీడ సదుపాయం చూపమన్నారు. మంగతాయారు తన టేబుల్ మీది గొడుగు ఆకారపు అగరొత్తుల స్టాండు తెచ్చి వాటి పక్కన పెట్టింది.

పాచిక దగ్గర పెద్ద చిక్కే వచ్చింది. పాచిక వేయడం అదృష్టం మీద ఆధారపడటం, అదృష్టం మీద ఆధారపడటం జూదం, జూదం ప్రవర్తనా నియమావళికి విరుద్ధం. మూడు వారాల చర్చల తర్వాత మంగతాయారే దారి కనిపెట్టింది. పాచికను మూడుసార్లు వేసి, మూడింటిలో తక్కువ పడినదాన్ని ఆమోదిస్తే అది కొటేషన్ పద్ధతి అవుతుంది, జూదం కాదు. అప్పటినుంచి సైన్యాలు అంగుళం, రెండంగుళాల చొప్పున కదిలాయి.

యుద్ధంలో చనిపోయిన సైనికుల సంగతి ఇంకోటి. విధి నిర్వహణలో మరణించారు కాబట్టి వారసులకు కారుణ్య నియామకం ఇవ్వాలని ఉద్యోగుల సంఘం మెమోరాండం ఇచ్చింది. పడిపోయిన ప్రతి బొమ్మ స్థానంలో పదిహేను రోజుల్లోపు కొత్త బొమ్మ చేరేది. ఎంత యుద్ధం జరిగినా రెండు సేనలూ నలభై నలభైగానే ఉండేవి. గుప్పెడు సేన పుట్టిన తర్వాత ఇంత మానవీయమైన యుద్ధం ఎక్కడా జరగలేదని పరాంకుశం ఒక సభలో చెప్పుకున్నాడు.

ఇంత జరిగినా హైమవతి గెలిచే దారిలోనే ఉంది. గెలిస్తే పోస్టింగు వచ్చేస్తుందని, ఎనిమిదో నెలలో ఒకరోజు ఉత్సాహంగా పరాంకుశం గదికి వెళ్ళి అడిగింది.

"నేను గెలవగానే ఆర్డరు ఇచ్చేస్తారా సార్?"

పరాంకుశం కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "గెలిస్తే మీ అభిరుచి ఎక్కువ, మీవారిది తక్కువ అని తేలుతుంది. ఎక్కువతక్కువలున్నది ఉమ్మడి ఎలా అవుతుందమ్మా? దరఖాస్తు తిరస్కరణ. ఎవరి స్టేషనుకు వారు."

"ఆయన గెలిస్తే?"

"అదే కారణం, అదే తిరస్కరణ."

"ఇద్దరం సమంగా ముగిస్తే?"

"ఫలితం తేలని ప్రదర్శన, ప్రదర్శన కింద లెక్కకు రాదు. తిరస్కరణ."

"మరి ఎట్టా ముగిస్తే మంజూరవుద్దండీ?"

పరాంకుశం మార్గదర్శకాలు మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా తిప్పి చూశాడు. "అది ఇందులో లేదమ్మా," అన్నాడు, నిజంగానే నొచ్చుకుంటూ.

ఆట ముగిసిన రోజున తను ఇచ్ఛాపురం, అతను కుప్పం. హైమవతికి అప్పుడు అర్థమైంది. ఇంటికి వెళ్ళి చక్రధర్‌తో చెప్పింది. అతను కోస్తున్న ఉల్లిపాయ పక్కన పెట్టాడు.

"అయితే ముగియకూడదు," అన్నాడు. "మనకి చేతకాకపోయినా ఆఫీసుకి చేతనవును. ఆళ్ళకి అడ్డం పడకుండా ఉంటే చాలు."

ఆ రోజు నుంచి ఇద్దరూ ఎంతో శ్రద్ధగా తప్పుడు ఎత్తులు ప్రతిపాదించారు. హైమవతి గుర్రాలు వెనక్కి నడిచాయి. చక్రధర్ విలుకాళ్ళు గుట్ట చుట్టూ ప్రదక్షిణం చేశారు. చేజేతులా మంచి ఎత్తు వదులుకున్నప్పుడల్లా హైమవతికి పంటి కింద రాయి పడ్డట్టుండేది. అయినా ఓర్చుకుంది. ఇంకో ఆరు నెలలు గడిచాయి.

అప్పుడు కొత్త కమిషనర్ వచ్చాడు. పేరు గరుడాచలం. వచ్చిన రోజే పెండింగు ఫైళ్ళ పరిష్కార వారోత్సవం ప్రకటించాడు. అన్నింటికంటే లావుగా ఉన్న ఫైలు తెమ్మంటే ఇద్దరు అటెండర్లు గుప్పెడు సేన ఫైలు మోసుకొచ్చారు.

"పద్నాలుగు నెలలు! ఇరవై ఆరు ఎత్తులు!" అని గరుడాచలం గర్జించాడు. "ఇది శుక్రవారం పదకొండు గంటలకు నా సమక్షంలో ముగిసిపోవాలి. అడ్డొచ్చే అభ్యంతరాలన్నీ ఈ క్షణమే తొలగించడమైనది." ఒక్క సంతకంతో నీటిపారుదల, అటవీ, కొటేషన్లు అన్నీ గాలికి పోయాయి. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారు గాని, దేవుడే గుళ్ళోంచి దిగివస్తే పూజారి మాత్రం ఏం చేస్తాడు? పరాంకుశం, మంగతాయారు దిగాలుగా చూస్తూ నిలబడ్డారు.

శుక్రవారం మీటింగు హాలు నిండిపోయింది. బల్ల మీద చూస్తే హైమవతి ఫిరంగికీ చక్రధర్ సేనాపతికీ మధ్య ఏమీ లేదు. అడ్డుగా ఉండాల్సిన అంగరక్షక గుర్రానికి సోమవారం నుంచి ఆర్జిత సెలవు మంజూరైంది. దూరం అంగుళంలోపే. పాచిక మీద ఒక్క చుక్క పడితే చాలు, ఆట అయిపోతుంది. పాచిక మీద ఒక్క చుక్కయినా పడకుండా ఉండదు కదా.

"మీ వంతేనమ్మా. కొట్టండి," అన్నాడు గరుడాచలం.

హైమవతి పాచిక చేతిలోకి తీసుకుంది. ఇంత అందమైన గెలుపు ఆమెకు ఎప్పుడూ దొరకలేదు. ఎదురుగా చక్రధర్ ఆమెకేసి చూడటం లేదు, తన సేనాపతికేసి చూస్తున్నాడు. అతని చొక్కా కాలరు ఒకవైపు మడత పడి ఉంది. ఆ పొద్దున ఇస్త్రీ చేసింది తనే. రేపటినుంచి ఆ కాలరు సరిచేసేవాళ్ళు కుప్పంలో ఎవరుంటారు అనుకుంది. పాచిక బల్ల మీద పెట్టి, చేతులు కట్టుకుంది.

"సార్, చిన్న సందేహమండీ. కొట్టాలంటే ముందు దూరం కొలవాలి. మన శాఖ మాన్యువల్లో మొదటి వాక్యం ఏంటండీ?"

సరిహద్దురాళ్ళ శాఖలో ఆ వాక్యం రానివాడు ఉండడు. ప్రమాణ స్వీకారం రోజున అందరిచేతా చదివిస్తారు. హాల్లో ఉన్నవాళ్ళంతా అలవాటు కొద్దీ ఒక్క గొంతుతో అన్నారు: "రాయి లేనిచోట కొలత లేదు."

"ఈ బల్ల మీద నా రాజ్యం ఎంతవరకో, ఆయన రాజ్యం ఎంతవరకో చెప్పే రాళ్ళేవండీ? ఒక్కటి కూడా లేదు. రాళ్ళు పాతకుండా ఇరవై ఆరుసార్లు కొలిచేశాం. ఇరవై ఏడోసారి తమరి సమక్షంలో కొలిస్తే రేపు ఎవరైనా అడుగుతారేమోనని."

గరుడాచలం లేచి వంగి బల్లంతా చూశాడు. కోట ఉంది, ఏరు ఉంది, అగరొత్తుల స్టాండు ఉంది. రాయి లేదు.

"పరాంకుశం గారూ! పద్నాలుగు నెలలుగా, సరిహద్దురాళ్ళ శాఖ ప్రధాన కార్యాలయంలో, రాళ్ళు లేని భూమి మీద కొలతలా?"

"పొరపాటు గమనించడమైనది సార్," అన్నాడు పరాంకుశం. ఆయన మొహంలో ప్రాణం తిరిగొచ్చింది. "తక్షణం ఉమ్మడి సర్వేకు ఆదేశిస్తే..."

"ఉమ్మడి సర్వేలో కక్షిదారులిద్దరూ రోజూ స్థలంలో హాజరుండాలి సార్, రూలు తొమ్మిది," అంది మంగతాయారు. ఆవిడ అప్పటికే కొత్త ఫైలుకు తాడు కట్టేసింది.

"ఉంటారు. సర్వే పూర్తయ్యేవరకు ఎవరూ ఏ బొమ్మనూ తాకకూడదు," అని గరుడాచలం సంతకం పెట్టాడు. ఆ శాఖలో ఉమ్మడి సర్వే అంటే ఏమిటో తెలిసినవాళ్ళు తలలు దించుకుని నవ్వు ఆపుకున్నారు. రెండూళ్ళ మధ్య ఒక చింతతోపు కోసం మొదలైన ఉమ్మడి సర్వే ఒకటుంది. దాన్ని మొదలుపెట్టినవాళ్ళ మనవలు ఇప్పుడు అదే సర్వేలో ఉద్యోగాలు చేస్తున్నారు. వాళ్ళ పిల్లలు పోటీ పరీక్షలకు చదువుకుంటున్నారు.

భోజనం వేళకు ఇద్దరూ క్వార్టరుకు నడిచొచ్చారు. దారి పొడుగునా చక్రధర్ మాట్లాడుతూనే ఉన్నాడు, మంగతాయారు మొహం ఎలా వెలిగిందో, కమిషనర్ ఎలా వంగి చూశాడో చెప్పి చెప్పి నవ్వాడు. గుమ్మంలో చెప్పులు విప్పుతూ అన్నాడు:

"అయినా నువ్వంత కంగారు పడక్కర్లేదే హైమా. నువ్వు కొట్టినా నాకేం అయ్యేది కాదు. గుట్ట చాటుకి తప్పించుకునేవాణ్ణే."

హైమవతి అక్కడే ఆగిపోయింది. గుట్ట బల్లకు ఆ చివర ఉంది. పైగా అది అతని వంతే కాదు. అతనికి తప్పించుకునే దారి లేదని, ఆ గెలుపు నూటికి నూరుపాళ్ళు తనదేనని ఆ హాల్లో అటెండర్లకు కూడా తెలుసు. అది రుజువు చేయాలంటే ఆట ముగించాలి. గవ్వలాటలో ఓడిపోయి రెండు రోజులు అన్నం మానేసిన మనిషి ఆమె, ఇప్పుడు గెలిచి కూడా గెలవలేదనిపించుకోవాలి. ఆమెకు ఏడుపొచ్చినంత పనైంది.

"అవునండీ," అంది పళ్ళు బిగించి. "తప్పించుకునేవారే."

వంటింట్లోకి వెళ్ళి పప్పుకు తాలింపు పెట్టింది. అందులో ఎండుమిరపకాయలు ఎన్ని వేయాలో అన్ని వేసి, ఇంకో ఆరు వేసింది. చక్రధర్ మొదటి ముద్దకే ఒక్క క్షణం ఆగిపోయాడు. ఆమెకేసి చూశాడు. ఆమె మొహం చూసి, తను గుమ్మంలో ఏమన్నాడో గుర్తు చేసుకున్నాడు. కళ్ళవెంటా ముక్కువెంటా నీళ్ళు కారుతుండగా మంచినీళ్ళ గ్లాసు ముట్టుకోకుండా కంచం ఖాళీ చేశాడు.

"పప్పు చాలా బాగుంది," అన్నాడు. "ఇంకాస్త వెయ్యి."